మల్లి కాలు, వీరమ్మ నడుము

మా తమ్ముడి కూతురు నాగమల్లేశ్వరి ఎదురుకాళ్ళతో పుట్టింది. తల రావలసిన చోట పాదాలు ముందొచ్చాయి. డాక్టరమ్మ నానా అవస్థా పడి తల్లినీ బిడ్డనీ బతికించింది. బయట బెంచీ మీద కూర్చుని నేను కనపడని దేవుళ్ళందరికీ మొక్కుకుంటుంటే, పక్కనున్న ముసలామె చల్లగా, "ఎదురుకాళ్ళ పిల్లంట గదా! ఇంక చూస్కో, ఊళ్ళో నడుములన్నీ మీ ఇంటికే వస్తాయి" అంది. ఏ ముహూర్తాన అందో మహాతల్లి, అక్షరాలా అట్లాగే జరిగింది.

మా వైపు ఈ నమ్మకం ఎప్పటినుంచో ఉంది. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు కాలితో తొక్కితే నడుము పట్టు వదులుతుందంటారు. పట్టినవాడు బోర్లా పడుకోవాలి, వీళ్ళు ఎడమకాలి మడమతో నడుము మీద తొక్కాలి. డబ్బు పుచ్చుకోకూడదు, అడిగినవాణ్ణి కాదనకూడదు. ఇంతకు మించి అందులో శాస్త్రమేమీ లేదు.

మాది మార్కాపురంలో కిరాణా దుకాణం. నా పేరు రామతులసమ్మ. పెళ్ళయిన కొన్నేళ్ళకే నా భర్త పోతే తమ్ముడు చంద్రశేఖరరావు నన్ను తీసుకొచ్చి గల్లాపెట్టె ముందు కూర్చోబెట్టాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. కాబట్టి దుకాణం అరుగు మీద ఎన్ని నడుములు బోర్లా పడ్డాయో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పలకల ఫ్యాక్టరీలో బండలు మోసేవాళ్ళు, లారీ డ్రైవర్లు, కురిచేడు నుంచి రైలెక్కి వచ్చే రైతులు, ఆదివారం వచ్చిందంటే చాలు, తయారు. మల్లికి నిండా అయిదేళ్ళు లేవు. చంకల కింద చేతులు వేసి ఎత్తి వాళ్ళ నడుముల మీద నిలబెట్టేదాన్ని.

"అత్తా, ఆ తాత ఈపు చెమట నా కాలికి అంటుకుంటా ఉంది" అని ముఖం చిట్లించేది.

"అంటుకోనీలే. దిగినాక కడుక్కుందువు. తొక్కు" అని చేతిలో బెల్లం ముక్క పెట్టేదాన్ని.

కొంచెం పెద్దయ్యాక బెల్లంతో లొంగలేదు, ప్రశ్నలు మొదలుపెట్టింది. "ఆయనకి లోపల ఏమైంది అత్తా? నేను తొక్కితే అదేమవుతుంది?" అని నా ప్రాణం తీసేది. నాకేం తెలుసు? పప్పులో రాళ్ళెన్నున్నాయో చెప్పమంటే చెప్తాను గాని నడుములో ఏముందో నేనెక్కడ చూశాను! "నోర్మూసుకుని తొక్కవే" అనేదాన్ని. అది నోరు మూసుకుంది గాని ఆ ప్రశ్నను మాత్రం వదల్లేదు. పట్టిన పట్టు వదలకపోవడం మా వంశంలోనే ఉంది, ఎవరిననుకుని ఏం లాభం?

ఇంజనీరింగ్‌లో మెకానికల్ తీసుకుంటానంటే ఆడపిల్లకి ఇనుముతో పనేమిటని అందరూ బుగ్గలు నొక్కుకున్నారు. అదే చదివింది. ఆ పైన ఇంకో చదువు చదివింది. చివరికి హైదరాబాదులో ఒక కంపెనీలో చేరింది. ఏం చేస్తావే అక్కడ అని అడిగితే, "కంప్యూటర్లో ఎన్నెముకలు చేస్తా అత్తా" అంది. నేను వేళాకోళం అనుకున్నాను.

నిజమే చెప్పింది. కొందరికి వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళ అరిగిపోయి పూస మీద పూస జారుతుందట. అప్పుడు డాక్టర్లు ఆ రెండు పూసలనీ స్క్రూలతో, చువ్వలతో బిగించి, మధ్యలో చిన్న డబ్బీలాంటిది పెడతారు. మెల్లగా దాని చుట్టూ ఎముక పెరిగి రెండు పూసలూ ఒకటైపోతాయి. ఆ అతుకు పడేదాకా బరువంతా స్క్రూల మీదే. ఏ స్క్రూ ఎంత పొడవుండాలి, ఎంత వాలుగా దిగాలి, మనిషి వంగితే ఎక్కడ వదులవుతుంది, ఇవన్నీ మనిషిలో పెట్టకముందే మల్లి వాళ్ళు కంప్యూటర్లో చూస్తారు. స్కానింగులో వచ్చిన ఎముకని లక్షల చిన్న చిన్న ముక్కలుగా చేసి, ఏ ముక్క ఎంత గట్టిదో కంప్యూటరుకి చెప్తారు. తర్వాత ఆ బొమ్మ నెత్తిన బరువు పెడతారు. బరువు ముక్క నుంచి ముక్కకి పాకుతుంది. తక్కువ పడిన చోట నీలంగా, ఎక్కువ పడిన చోట ఎర్రగా కనబడుతుంది. ఎర్రబడిన చోటు ప్రమాదం.

అంతా విని నేనన్నాను: "అంటే మనుషుల్ని తొక్కడం మానేసి బొమ్మల్ని తొక్కుతన్నావన్నమాట."

పకపకా నవ్వింది. "అంతే అత్తా. జీతమిచ్చి తొక్కిస్తన్నారు" అంది.

కరోనా వచ్చినప్పుడు ఇంటికొచ్చిన పిల్ల మళ్ళీ వెళ్ళలేదు. ఇక్కణ్ణుంచే పని చేసుకోమన్నారు. పెళ్ళి కూడా ఊళ్ళోనే చేశాం. అల్లుడు నాగేశ్వర్లుకి ఇనుప సామాన్ల దుకాణం ఉంది. వాడు స్క్రూలు కిలోల లెక్కన తూచి పారేస్తాడు, ఇది ఒక్క స్క్రూ ముందు వారం రోజులు కూర్చుంటుంది. భలే జంట! వాళ్ళింట్లో చువ్వల చప్పుడుకి పని సాగదని రోజూ మా దుకాణం మేడ మీది గదికి వస్తుంది.

కొత్త జిల్లాలంటూ ఒంగోలు వైపు కొన్ని మండలాలు అటూ ఇటూ పోయి మేం మాత్రం ప్రకాశంలోనే మిగిలిన రోజులవి. అప్పటికి మల్లి తొక్కడం పూర్తిగా మానేసింది. ఎవరైనా వస్తే, "ఎక్స్‌రే తీయించుకో మామా" అని పంపించేది. "చదువుకున్నాక కాలు పైకెక్కింది" అని వాళ్ళు గొణుక్కుంటూ పోయేవాళ్ళు. నాకూ కష్టంగానే ఉండేది. అడిగినవాళ్ళని కాదనకూడదు గదా.

అట్లాంటి సమయంలో వీరమ్మ వచ్చింది.

వీరమ్మది బేస్తవారిపేట దగ్గర పల్లె. గొర్రెలు కాస్తుంది. ఆమె పెళ్ళయిన కొత్తలోనే మా దుకాణానికి రావడం మొదలుపెట్టింది, కాబట్టి మా ఇద్దరికీ పోట్లాడుకునేంత చనువుంది. తూకం వేస్తుంటే ముల్లు వైపు కాదు, నా ముఖం వైపు చూస్తుంది. రెండేళ్ళుగా ఆమెకి నడుములోంచి కాలి వెంట సలుపు. నాలుగు అడుగులేస్తే కూలబడాలి. గొర్రెలు ముందుకు పోతే ఆమె వెనక రాయి మీద కూర్చుని ఏడ్చేదట. ఆ మాట ఆమె కొడుకు గురుస్వామి చెప్పాడు. వాడే పట్నం తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాడు. స్క్రూలు, చువ్వలు, డబ్బీ, అన్నీ పెట్టారు. నడుముకి బెల్టు కట్టి పంపించారు.

నెల తిరిగిందో లేదో, ఒక ఆదివారం మా అరుగు ముందు ఆటో ఆగింది. గురుస్వామి పట్టుకుంటే వీరమ్మ దిగింది. "అక్కా, బాగుండావా" అని నన్ను పలకరించి, మాట్లాడుతూనే బెల్టు విప్పేసి అరుగు మీద బోర్లా పడుకోబోయింది. నేను కేకేశాను. మల్లి మేడ మీంచి పరుగున వచ్చి ఆమె భుజాలు పట్టుకుంది.

"పెద్దమ్మా, లెయ్యి! నీకు ఎముక ఇంకా అతుక్కోలా. తొక్కితే స్క్రూ కదులుతుంది."

"డాక్టరు ఇనుము పెట్టినాడు గాని నొప్పి తియ్యలా పాపా. ఇనుము ఆయన పని, నొప్పి నీ పని. ఒక్కసారి కాలెయ్యి."

"కోసినచోటు నొప్పి అది. మెల్లగా తగ్గుతుంది."

"మెల్లగా అంటే ఎప్పుడు? దసరాకి నేను లేచి తిరగకపోతే ఈడు గొర్రెల్ని అమ్మేస్తాడంట." కొడుకు వైపు చెయ్యి చూపించింది. "నాకేం ఒద్దు తల్లీ. మా గొర్రెల ఎంట నడవాల. అంతే."

గురుస్వామి తల వంచుకున్నాడు. వాణ్ణీ అనలేం. వాడికి రోజూ ఎక్కడో ఒక చోట పని, మందని కాసేవాళ్ళు లేరు.

మల్లి ఎంత చెప్పినా ఒకటే మాట. చివరికి వీరమ్మ మొండిగా, "నువ్వు కాదంటే కనిగిరి పక్కన ఒకాయన ఉండాడంట. లారీ డ్రైవరు. ఎదురుకాళ్ళ మనిషే. బస్తా మాదిరి ఉంటాడంట, రెండు కాళ్ళతో ఎక్కుతాడంట. ఆడికే పోతా" అంది.

మల్లి ఆమె చెయ్యి పట్టుకుంది. "వచ్చే ఆదివారం దాకా ఆగు పెద్దమ్మా. నీ స్కానింగు సీడీ ఇచ్చి పో" అని బతిమాలింది.

ఆ వారం మేడ మీద ఏం జరిగిందో నేను కళ్ళారా చూశాను. కాఫీ ఇవ్వడానికి వెళితే నా వైపు తల కూడా తిప్పేది కాదు. కంపెనీ పని అయిపోయాక వీరమ్మ వెన్నెముకను బొమ్మగా చేసింది. వాళ్ళ కంపెనీలో మనిషి నిలబడితే ఏమవుతుంది, ముందుకు వంగితే, వెనక్కి వాలితే, పక్కకి తిరిగితే ఏమవుతుంది అని చూస్తారట. బోర్లా పడుకున్న మనిషి నడుము మీద ఇంకో మనిషి నిలబడడం వాళ్ళ పుస్తకంలో ఎక్కడా లేదు. ఎందుకుంటుంది? అది రాసినవాళ్ళెవరూ మా అరుగు చూసి ఉండరు. మల్లే సొంతంగా ఆ బరువు పెట్టింది. ఇంకో చిక్కు, ఎముక. మా పడమటి నీళ్ళలో ఫ్లోరైడు. ఈ నీళ్ళు తాగి పెరిగిన ఎముక చూడ్డానికి లావుగానే ఉంటుంది గాని పెళుసు. "కంపెనీ లెక్క ఈమెకి కుదరదత్తా, ఇది మన నీళ్ళ ఎముక" అని ఆ గట్టిదనాన్ని కూడా మార్చింది. చివరికి చూస్తే కింది స్క్రూ చుట్టూ ఎముక నిప్పులా ఎర్రబడింది.

ఆదివారం వీరమ్మను మెల్లగా మెట్లెక్కించి తన కుర్చీలో కూర్చోబెట్టి ఆ బొమ్మ చూపించింది. వీరమ్మ కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది.

"ఇది నా ఎన్నెముకా? అమ్మో, ఎన్ని రంగులుండాయే!"

"ఇటు చూడు పెద్దమ్మా. తొక్కితే ఇక్కడ ఇట్ల అవుతుంది. ఎర్రగా ఉంది చూసినావా?"

"చూసినా. కుంకం అద్దినట్టుంది. మంచిదే గదా! ఆ పైనదేంది, నీలంగా, విషమెక్కినట్టు? ఆడ తొక్కగాకు, ఈ ఎర్రగా ఉండే చోట తొక్కు."

నేను నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. మల్లి మళ్ళీ మొదట్నుంచి చెప్పింది. ఎరుపంటే చెడు, నీలమంటే ఏం కాదు అని ఒకటికి నాలుగుసార్లు చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. వీరమ్మ అంతా విని, "బొమ్మను తొక్కి బొమ్మకి నొప్పి అంటావేంది పాపా? నన్ను తొక్కి చూడు, నాకెట్ల ఉందో నేను చెప్తా" అంది.



కొంచెంసేపు మల్లి కిటికీలోంచి బజారు వైపు చూస్తూ నిలబడింది. తర్వాత కిందికి వెళ్ళి కాళ్ళు కడుక్కుని వచ్చింది. వీరమ్మను పడుకోనివ్వలేదు. బెల్టు విప్పనివ్వలేదు. గోడ పట్టుకుని నిలబడమంది. తన ఎడమ మడమను ఆ బెల్టు మీద అలా ఆనించి తీసేసింది. కింద చీమ ఉన్నా చచ్చేది కాదు. తర్వాత నేనెప్పుడూ వినని గొంతుతో చెప్పడం మొదలుపెట్టింది.

"విను పెద్దమ్మా. నా కాలు తగిలిన నడుముకి ఇంకెవురి కాలూ తగలగూడదు. ఎముక అతుక్కుందని డాక్టరు చెప్పేదాకా బెల్టు తియ్యగూడదు. నేల మీద కూచోగూడదు. వంగి బిందె ఎత్తగూడదు. గొర్రెపిల్లని గూడా ఎత్తగూడదు. ఒక్కటి తప్పినా కాలు పలకదు."

"తప్పను తల్లీ" అని వీరమ్మ రెండు చేతులూ జోడించింది.

వాళ్ళ ఆటో వెళ్ళేదాకా ఆగి నేను మల్లి మీద పడ్డాను. "ముప్ఫై ఏళ్ళుగా ఈ అరుగు మీద చూస్తన్నా, ఈ నియమాలు ఎప్పుడు పుట్టినాయే? పెద్దామెతో అన్ని అబద్ధాలా?"

"నా మాట వినలా గదా అత్తా. కాలి మాట వింటది" అంది మల్లి. చిన్నప్పుడు అరుగు మీంచి దిగగానే చేసినట్టు మళ్ళీ వెళ్ళి కాలు కడుక్కుంది.

వీరమ్మ ఆ నియమాలు పట్టిన తీరు చెప్తే నవ్వొస్తుంది. గురుస్వామి సరుకులకొచ్చినప్పుడల్లా ఒక కథ మోసుకొచ్చేవాడు. బంధువుల పెళ్ళిలో నేల మీద భోజనాల బంతి వేస్తే కూర్చోనందట, గోడకానుకుని నిలబడి తిన్నదట. కళ్ళ ముందే గొర్రె ఈనితే మంచం మీంచి అజమాయిషీ చేసిందే గాని పిల్లని ముట్టలేదట. "మా ఇంట్లో మా అమ్మ మహారాణి అయిపోయింది పెద్దమ్మా. మా ఆడామె గొణుగుతా ఉంది" అని వాడు నవ్వేవాడు. మల్లికి సంబరం. మేడ మీంచి దిగి వచ్చి మరీ వినేది. నాకే ఆశ్చర్యమేసింది. ఇంత చదువుకీ లొంగని మనిషి ఒక్క మడమకి లొంగింది! పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మల్లి మళ్ళీ కాలు వేస్తోందని ఊరూరా పాకిపోయి, ఆదివారాలు మా అరుగు మళ్ళీ నిండింది.

ఒకరోజు గురుస్వామి బెల్లం, చింతపండు కట్టించుకుంటూ మామూలుగా చెప్పాడు.

"నొప్పి గూడా దిగిపోతా ఉంది పెద్దమ్మా. ముందు తుంటిలోకి దిగినాది. ఆడ్నించి పిక్కలోకి. ఇప్పుడు పాదంలో ఉంది. పాదమంతా తిమ్మిరి, చెప్పు జారిపోయినా తెలీదు. ఇంకో వారంలో కాలి ఏళ్ళ గుండా బయటికి పోతాదంటాంది అమ్మ."

మెట్ల మీద మల్లి ఆగిపోయింది.

"కాలి వేళ్ళు పైకి లేపుతాందా అన్నా?"

"లేపలేదు. ఈడ్చుకుంటా నడుస్తాది. నీ కాలు లోపల పని చేస్తా ఉందని సంబరపడిపోతాంది."

మల్లి చేతిలో కాఫీ గ్లాసు నా గల్లాపెట్టె మీద పెట్టేసి, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరిగెత్తింది. నాగేశ్వర్లు కారు తీశాడు. నేనూ ఎక్కాను.

వీరమ్మ మంచం మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూడగానే ముఖం ఇంత చేసుకుంది. "రా తల్లీ! చూడు, నీ కాలు నొప్పిని కిందికి తోలతా ఉంది, మేం గొర్రెల్ని తోలినట్టు!"

మల్లి నేల మీద కూర్చుని ఆమె పాదం చేతుల్లోకి తీసుకుంది. "ఏళ్ళు పైకెత్తు పెద్దమ్మా" అంది. వీరమ్మ పళ్ళు బిగపట్టింది. పాదం తడిగుడ్డలా వేలాడింది. మల్లి ఆ పాదాన్ని పట్టుకుని బావురుమంది. వీరమ్మకి అర్థం కాక నా వైపు చూసింది.

అప్పటికప్పుడు అదే కారులో పట్నం. కింది స్క్రూ వదులై పక్కకి జరిగి, నరాన్ని నొక్కుతోందట. పెళుసు ఎముకలో ఒక్కోసారి అట్లా అవుతుందట, ఎవరి తప్పూ లేదన్నారు. మళ్ళీ ఆపరేషన్ చేశారు. బయటికొచ్చిన డాక్టరు, "తిమ్మిరి మొదలైన రోజే వచ్చి ఉంటే పాదం పూర్తిగా కోలుకునేది. ఇప్పుడు ఎంత వస్తుందో చెప్పలేను" అన్నాడు. గురుస్వామి గోడకి తల కొట్టుకున్నాడు. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది గదమ్మా మా బతుకు" అన్నాడు. మమ్మల్నే అన్నాడో, తన ఖర్మననుకున్నాడో, అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

వరండాలో మల్లి నా పక్కన కూర్చుంది.

"బొమ్మలో నరం లేదత్తా."

"ఏ బొమ్మలోనే?"

"నేను చేసిన బొమ్మలో. ఎముక ఉంది, బిళ్ళ ఉంది, స్క్రూ ఉంది, చువ్వ ఉంది. నరం లేదు. నరం బరువు మోయదు గదా, మోయనిదాన్ని మేం లెక్కలోకి తీసుకోం. నియమాలన్నీ ఆ బొమ్మ చూసే చెప్పినా. బెల్టు చెప్పినా, బిందె చెప్పినా, గొర్రెపిల్ల గూడా చెప్పినా. కాలు తిమ్మిరెక్కితే పరిగెత్తుకు రమ్మని చెప్పాలని నాకు తట్టనే లేదు. ఆమె నా మాట ఒక్కటి గూడా తప్పలేదత్తా. చెప్పింటే అదీ చేసేది."

ఎప్పుడూ నోటికి అడ్డూ ఆపూ లేని దాన్ని, ఆ రోజు దాని వీపు మీద చెయ్యి వేసి ఊరుకున్నాను.

వీరమ్మకి తెలివొచ్చాక నేను వద్దు వద్దంటున్నా వినకుండా మల్లి మంచం పక్కన నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేసింది. తన కాలిలో ఏమీ లేదని, నియమాలన్నీ తను కల్పించినవేనని, వేరే ఎవరి చేతా తొక్కించుకోకుండా ఆపాలని అట్లా చేశానని చెప్పింది. నొప్పి దిగడం కాదు, నరం చచ్చుపడడమని కూడా చెప్పింది. వీరమ్మ రెప్ప వేయకుండా విన్నది.

"అబద్ధమా?" అంది.

"అవును పెద్దమ్మా."

"మరి నేను ఆ తిమ్మిరికి దణ్ణం పెట్టుకున్నానే రోజూ" అంది. గోడ వైపు తిరిగి పడుకుంది. ఎంత పిలిచినా ఇటు తిరగలేదు.

ఆ తర్వాత చాలా రోజులు వాళ్ళింటినుంచి ఎవరూ మా దుకాణానికి రాలేదు. సరుకులు ఇంకెక్కడో తెచ్చుకుంటున్నారని విన్నాను. మల్లి కంపెనీలో పెద్దవాళ్ళతో ఫోనులో వాదించడం చాలాసార్లు విన్నాను. స్క్రూ జరిగితే నరానికి ఎంత చోటు మిగులుతుందో కూడా బొమ్మలో చూడాలంటుంది ఇది. వాళ్ళు ఒప్పుకున్నారో లేదో నాకు తెలియదు. ఆదివారం వస్తే మాత్రం మేడ మీద తలుపు మూసుకుని కూర్చునేది. కింద జనం తగ్గలేదు. వీరమ్మ మొదటి నెల కథే అందరి నోళ్ళలో తిరుగుతోంది, తర్వాతి సంగతి ఎవరికి కావాలి? అరుగు మీద పడుకుని, పైకి చూసి పిలుస్తూ ఉండేవాళ్ళు. "లేదు, వెయ్యదు, పొండి" అని నేను కసురుకుంటే, "అడిగినోళ్ళని కాదనగూడదు గదమ్మా" అని నా మాటే నాకు అప్పజెప్పేవాళ్ళు. పైన మల్లి అన్నీ వింటూనే ఉండేది. ఒకసారి తలుపు తీసి చూద్దును గదా, మంచం మీద కూర్చుని ఎడమకాలి వైపు చూసుకుంటోంది. "కోసి పారేయాలనిపిస్తాంది అత్తా" అంది.

వానలు వెనకబడ్డ ఒక ఆదివారం. పలకల ఫ్యాక్టరీ మనిషొకడు అరుగు మీద బోర్లా పడుకుని మూలుగుతున్నాడు. ఇంకో నలుగురైదుగురు చుట్టూ కూర్చున్నారు. మల్లి పైనుంచి దిగి వచ్చి, వెళ్ళిపొమ్మని చెప్పలేక, కాలు వేయలేక, మెట్ల మధ్యలో నిలబడిపోయింది. అప్పుడు వచ్చింది వీరమ్మ. బస్టాండు నుంచి నడిచే వచ్చింది. చేతిలో గొర్రెల కర్ర. చెప్పులో మడమ నుంచి పిక్క దాకా తెల్లటి ప్లాస్టిక్ పట్టీ ఉంది. పాదం నేలకి తగలకుండా మోకాలు ఎత్తెత్తి వేస్తోంది. పక్కన గురుస్వామి ఉన్నా చెయ్యి పట్టుకోనివ్వలేదు.

వచ్చి వీధి మధ్యలో నిలబడి, మంద అదిలించే గొంతుతో కేకేసింది.

"ఎవుర్రా ఆ పండుకుంది? లెయ్యి!"

వాడు తలెత్తాడు.

"ఈ పాప కాలు తగిలిన నడుము నాది. చూస్కో నా కాలెట్లయిందో!" చీర కుచ్చెళ్ళు కాస్త పైకెత్తి ఆ పట్టీ చూపించింది. "మంచిగా ఉండే పాదం చచ్చిపోయింది. దూరం మేపుకి పోలేను, ఊరి పక్క బీడు దాకనే నా నడక. ఈ కాలులో మహిమా లేదు, మన్నూ లేదు. ఇంకా ఎవురన్నా తొక్కిచ్చుకుంటారా?"

పడుకున్నవాడు మెల్లగా లేచి, తువ్వాలు దులుపుకుని, మల్లి కాలి వైపు ఒకసారి భయంగా చూసి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు వాడి వెనకే సర్దుకున్నారు. చూస్తుండగానే అరుగు ఖాళీ అయింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గల్లాపెట్టె వదిలి బయటికొచ్చాను. "ఏమే వీరమ్మా! మా దుకాణం ముందర నిలబడి మా పిల్లని బజారుకీడుస్తావా? ఆ మడమ తగిలి నీ కాలు పోలేదని నీకు తెలీదా? నువ్వు చెప్పింది అబద్ధం గాదా?"

"అబద్ధమేలే అక్కా" అంది వీరమ్మ, ఆయాసం తీర్చుకుంటూ. "నిజం చెప్తే ఈళ్ళు పోతారా? రంగుల బొమ్మ ముందర పెట్టుకుని నిజం చెప్పింది ఈ పాప. నేను ఇన్నానా?"



వీరమ్మ కర్ర గోడకానించి, మోకాలెత్తుకుంటూ రెండు మెట్లెక్కి, మల్లి ముందు ఆగింది.

"ఆస్పత్రిలో నీ మీద కోపమొచ్చింది పాపా. ఇప్పుడు గూడా ఉంది, లేదని చెప్పను. ఆ డ్రైవరు దగ్గరికి పోయింటే ఈ బీడు దాకా గూడా నడిచేదాన్ని గాదంట, మొన్న డాక్టరు చెప్పినాడు." చెయ్యి చాచి మల్లి తల మీద పెట్టింది. "ఇంక నిన్నెవురూ అడగరు. నీ కాలు నీదే. పో, పని చూస్కో."

మల్లి పనికి వెళ్ళలేదు. అక్కడే మెట్టు మీద కూర్చుని, రెండు చేతులతో ఎడమ పాదాన్ని పట్టుకుని చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. వీరమ్మ గోడ పట్టుకుని మెల్లగా ఆమె పక్కన కూర్చుంది.